బయట కూర్చున్న రోజులు

2 ఆగస్టు 2024, శుక్రవారం

మళ్ళీ వరండా. మళ్ళీ చాప, విడి తట్ట, విడి చెంబు.

నెలసరి మొదలైన పన్నెండో రోజుకే మళ్ళీ మరక కనిపించింది. పట్టుపురుగులు నిన్ననే వచ్చాయి, ఇంటిల్లిపాదీ షెడ్డులో ఉన్నారు. బయట చేరిన ఆడది షెడ్డు గడప తొక్కితే పంట పోతుందని మా అత్త మునిలక్ష్మమ్మ నమ్మకం. చిన్న మరకైనా సరే, ఐదు రోజులు బయటే. షెడ్డుకూ పోకూడదు, మొగుడి పక్కనా పడుకోకూడదు. పోయిన పంటకు పాల రోగం వచ్చి సగం పురుగు చచ్చింది. నేనేదో దాచిపెట్టానని అత్త అనుమానం. అప్పటినుంచి మరక కనిపించగానే నేనే చెప్పేస్తున్నాను.

అత్త వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. తల స్నానం చేసి వారం కూడా కాలేదే, ఇదేం ఒళ్ళమ్మా నీది అంది. పక్కింటికి వినబడేలా అంది. పెళ్ళయి మూడేళ్ళయినా కడుపు పండకపోతే ఒంటి గురించి ఎవరైనా ఎంత గట్టిగానైనా మాట్లాడొచ్చు కాబోలు.

3 ఆగస్టు

వాన. చాప తడిసింది. ఎవరూ లోపలికి రమ్మనలేదు.

7 ఆగస్టు, బుధవారం

కోలారు. లేడీ డాక్టర్. మా ఆయన గిరీశ్ బైక్ మీద తీసుకెళ్ళాడు గానీ లోపలికి రాలేదు, టమాటా మార్కెట్టులో ఎవరినో చూడాలన్నాడు.

గర్భసంచి మూతి దగ్గర చిన్న కండ పెరిగిందట. పాలిప్. మొగుడూ పెళ్ళాం కలిసినప్పుడు దానికి తగిలి రక్తం వస్తుందట. అది పీరియడ్ కాదంది. ఐదు నిమిషాల్లో తీసేయొచ్చు, మత్తు కూడా అక్కర్లేదు, ల్యాబ్‌కు పంపి చూద్దాం అంది.

తర్వాత డేట్స్ అడిగింది. మరక ఎప్పుడెప్పుడు అని అడిగితే నెలసరి మొదలైన పదకొండో రోజో, పన్నెండో రోజో, పదమూడో రోజో అని చెప్పాను. అప్పుడేం చేస్తారంది. ఐదు రోజులు విడిగా ఉంటాను మేడమ్ అన్నాను. పెన్ను కింద పెట్టేసింది. పాలిప్ వల్లే బిడ్డ నిలవలేదని నేను గ్యారంటీగా చెప్పలేనమ్మా, కానీ బిడ్డ నిలిచే దినాలే అవి, ఆ దినాలంతా నువ్వు వరండాలో ఉంటే ఎట్లా అంది.

బైక్ మీద తిరిగొచ్చేటప్పుడు బూదికోట దాకా వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. మాట్లాడితే అరిచేదాన్ని.

8 ఆగస్టు, పొద్దున ఆరు

మూడేళ్ళు. నెలకు ఐదు రోజులు, అదీ సరిగ్గా ఆ ఐదు రోజులు. చాప ఎవరో విసరలేదు. నేనే తెచ్చుకుని పరుచుకున్నాను. నా ఒంట్లో మరక వస్తే నేనే పోయి నా మీద చాడీ చెప్పాను. చెంప పగలగొట్టుకోవాలనిపిస్తోంది.

బంగారు గనుల దగ్గర చాంపియన్ రీఫ్స్‌లో, కార్మికుల వరస ఇళ్ళలో, మా అమ్మ వాళ్ళ లైన్ ఇంట్లో ఉన్నది ఒక్కటే గది. బయట చేరడానికి చోటే లేదు, అందుకే ఎవరూ చేరలేదు. ఇక్కడ వరండా ఉంది కాబట్టి ఆచారం ఉంది!

గిరీశ్‌కి అంతా చెప్పాను. పురుగుకు ఏ గంటకు ఎంత ఆకు వేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి. పెళ్ళానికి నెలకు రెండుసార్లు రక్తం ఎందుకొస్తోందో ఒక్కసారీ అడగలేదు. ఆ మాటే మొహాన అడిగాను. అమ్మ చూసుకుంటాదిలే అనుకున్నాను అన్నాడు. దేనికి మేము ముగ్గురం ఒకే ఇంట్లో ఉన్నాం?

11 ఆగస్టు

పురుగులు నాలుగో జ్వరానికి పడుకున్నాయి. జ్వరమంటే రోగం కాదు, పొర విడవడం; అది అయ్యేదాకా ఆకు వేయరు, అందరికీ ఒక రోజు తీరిక. రేపు కోలారు పోయి తీయించుకుంటానన్నాను. గూళ్ళు దిగనీ, ఇంగ పదైదు దినాలు ఆగలేవా అంది అత్త. మామ తిమ్మరాయప్ప తువ్వాలు దులుపుకుని బయటికి పోయాడు. గిరీశ్ గోడ చూశాడు.

12 ఆగస్టు

ఒక్కదాన్నే బస్సులో పోయొచ్చాను. తీసేశారు. చింతగింజంత ఉంది. చిన్న సీసాలో వేసి ఇచ్చారు, ల్యాబ్‌కు నేనే మోసుకెళ్ళాను. దారిలో రెండుసార్లు బయటికి తీసి చూశాను. ఇంతేనా నువ్వు?

13 ఆగస్టు

రెండు మూడు రోజులు కొంచెం రక్తం పడుతుందని డాక్టర్ ముందే చెప్పింది. పడింది. బాత్‌రూమ్ నుంచి వచ్చేసరికి అత్త వరండాలో చాప పరిచి పెట్టింది.

చుట్టి ఆవుల కొట్టంలోకి విసిరేశాను. అది గాయం రక్తం అన్నాను. పోయిన నెల ఆకు కోస్తూ గిరీశ్ వేలు తెగితే రక్తం ఆకు మీదే పడింది, ఆయన్ని ఏ వరండాలో కూర్చోబెట్టారు అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. బుట్ట ఎత్తుకుని అందరూ చూస్తుండగా షెడ్డులోకి పోయి ఆకు వేశాను. లక్ష పురుగులు ఒక్కసారి నమలడం మొదలుపెట్టాయి.

గిరీశ్ ఆపలేదు. మెచ్చుకోనూ లేదు.

14 ఆగస్టు, మధ్యాహ్నం

తోట నుంచి వచ్చి నేరుగా రాస్తున్నాను.

ఆకు తోటలో ఉంటే అత్త వచ్చింది. ఆ డాక్టరమ్మ ముసిలోళ్ళను కూడా చూస్తాదా అని అడిగింది. ఎవరికన్నాను. కొమ్మ వంచి నాలుగు ఆకులు కోసింది. ఆమెకు నెలసరి నిలిచిపోయి ఎనిమిదేళ్ళయింది. ఉగాది నుంచి మళ్ళీ పడతా ఉండాదట. ఎవరికి చెప్పేదమ్మా, నేనూ బయట కూసుంటే షెడ్డు చూసేది ఎవరు అంది. పాల రోగం వచ్చింది నా వల్లనేనేమో అని ఏడ్చింది.

అంటే ఆ పంట పోయినప్పుడు కూడా ఈమెకు పడుతూనే ఉంది. తెలిసీ నన్నంది. నన్ను వానలో కూర్చోబెట్టి తను లోపల ఆకు వేసింది. ఆ గుబురు తోటలో గట్టిగా అరిచాను. బిడ్డ నిలిచే దినాలన్నీ నన్ను వరండాలోనే ఉంచావన్నాను, ఇంకేం అరిచానో గుర్తులేదు. ఆమె తల వంచుకుని విన్నది.

డాక్టర్ గది గోడ మీద రాసుంది, నిలిచిపోయాక మళ్ళీ కనిపిస్తే వెంటనే రావాలని. రేపే పోదాం అన్నాను. గూళ్ళు మార్కెట్టుకు పోనీ, అంతదాకా నన్ను యాడికీ పిలవద్దు అంది. ఇంత మొండిదాన్ని నేనెక్కడా చూడలేదు.

18 ఆగస్టు

పీరియడ్. నిజమైనదే. ఎవరికీ చెప్పలేదు. ఆకు వేశాను.

22 ఆగస్టు

పురుగులు గూడు కట్టడానికి వెదురు తడికల చంద్రికలెక్కేశాయి. నా ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. చెడు ఏమీ లేదు. గిరీశ్ రిపోర్టును మూడుసార్లు చదివి, తను కూడా టెస్టు ఎప్పుడు చేయించుకోవాలని అడిగాడు. మూడేళ్ళ కింద అడగాల్సింది అన్నాను. అవునన్నాడు.

27 ఆగస్టు

గూళ్ళు మార్కెట్టుకు పోయాయి. మంచి పంట. అత్త నా మొహం చూడటం లేదు.

30 ఆగస్టు, సాయంత్రం, కోలారు బస్‌స్టాండ్

అత్తను అడ్మిట్ చేసుకున్నారు. రేపు టెస్టు. ఏమిటో ఇప్పుడే చెప్పలేమన్నారు. రాత్రికి నేనుంటానన్నాను. వద్దంది. మామను ఉండమంది. మంచం మీదే కూర్చుని వేళ్ళు మడిచింది. నా పీరియడ్ సంగతి నేను చెప్పకపోయినా ఎప్పుడు పట్టుకుందో. ఈ పొద్దు నీకు పదమూడో దినం, ఇద్దరూ ఇంటికి పోండి అని నన్నూ గిరీశ్‌నీ తరిమింది.

కోపం పోలేదు. బస్సెక్కుతున్నాను.