సున్నం కింద నీ గొర్రెలు

సరోజక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు బొమ్మలు నేర్పిన మన నిడమనూరు బడికి ప్రొజెక్టర్ వచ్చింది, నెట్ కూడా పెట్టించారు. మూడో తరగతి పిల్లలు ఆన్‌లైన్‌లో ఒక కథల సైటు నుంచి బొమ్మలు ఏరుకుని, వాటికి మాటలు చేర్చి సొంతంగా కథలు అల్లుతున్నారు. నువ్వుంటే పిల్లలను జరిపి మరీ ముందు కూర్చునేదానివి.

తెర కొనలేమని, తెల్లగోడ చాలని హెడ్మాస్టరు అన్నారు. తెల్లగోడ ఎక్కడిదక్కా? అన్ని గోడల మీదా నీ బొమ్మలే. "ఇక్కడైతే ఎండ పడదు సార్" అంటూ నీ గొర్రెల మంద ఉన్న గోడను చూపించింది నేనే. దగ్గర నిలబడి రెండు పూతలు సున్నం వేయించిందీ నేనే.

నిన్న లక్ష్మి తన కథకు గొర్రె కావాలని వెతికింది. వాళ్లది గొర్లు కాసే ఇల్లు. ఆ సైటులో ఎంత వెతికినా దూదిపింజలాంటి తెల్ల గొర్రె ఒక్కటే దొరికింది. ఆ గోడ మీద అది గుండ్రంగా నవ్వుతూ నిలబడింది.

"మా గొర్రె గిట్లుండదు టీచర్" అంటూ లక్ష్మి మౌస్ పట్టుకుని, దానికి రెండు పొడుగు చెవులు కిందికి వేలాడేలా గీసింది. అచ్చం నువ్వు వేసినట్టే.

గీసి, నా వైపు తిరిగింది.

"సరోజ టీచర్ ఏసిన గొర్లే మంచిగుండె. వాటి మీద సున్నం ఎవలేసిండ్రు టీచర్?"

"సున్నమేసేటాయన ఏసిండు బిడ్డా" అన్నాను.

అబద్ధమైతే కాదు కదక్కా?