నది మీద ఇనుప వంతెన

పెదనాన్నకు నమస్కారాలు.
నన్ను ప్రాంతీయ సైనిక కమాండ్‌కు మార్చారు. ఏడు జిల్లాలు దీని కిందే. సరిహద్దులో గొడవైనా, వరదైనా, ఆజ్ఞ అందిన ఆరు గంటల్లో మనుషులూ లారీలూ గేటు దాటాలి. మా షెడ్డులో ఒక వంతెన మొత్తం ముక్కలుగా సర్ది ఉంది. దాని బోల్టులకు నూనె రాయించడం నా పని. గోడ నిండా ఉన్న పటం చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. అందులో మన వీధి కూడా ఉంది!
మీ చిట్టి
తా.క. నా బూట్లు సర్వసన్నద్ధం. నేనే ఇంకా కాలేదు.

చిరంజీవి చిట్టికి ఆశీస్సులు.
చేతిలో ఉన్న గడియారం రిపేరు పక్కన పెట్టి నీ ఉత్తరం మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. "సైన్యం పటంలో మన వీధి ఎందుకుందండీ?" అంది. వెంటనే వెళ్లి బేకరీ ఆయన చెవిలో వేశాను. సాయంత్రానికల్లా ఏ కొట్లోనూ కొవ్వొత్తులు లేవు. యుద్ధం ఏ తేదీనో రాయి, ఎవరికీ చెప్పను.
పెదనాన్న
తా.క. శత్రువులు ఎంతమందో కూడా రాయి. ఇంట్లో నాలుగు కుర్చీలే ఉన్నాయని మీ పెద్దమ్మ కంగారు.

పెదనాన్నా,
యుద్ధమూ లేదు, గిద్దమూ లేదు! సిద్ధంగా ఉండడమే ఇక్కడ ఉద్యోగం. నిన్న నీలం సేన మా మీద దాడి చేసింది. మేజర్ గారు పదింటికి చనిపోయారు, నేను పదకొండింటికి. వంతెన నలభై నిమిషాలు ఆలస్యమైందని దళమంతా పోయినట్టు రాసేశారు. సిగ్గేసి, విప్పి మళ్లీ మొదటినుంచీ కట్టాం.
మీ చిట్టి
తా.క. చనిపోయాక మేజర్ గారు రెండు కప్పుల టీ తాగారు.

చిట్టీ,
నువ్వు బతికే ఉన్నావని మీ పెద్దమ్మను నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మేజర్ గారి ఇంటికి సానుభూతి తెలుపుతూ రాశాను. జవాబు ఆయనే రాశారు! "మీ అభిమానానికి కృతజ్ఞుణ్ణి. ప్రస్తుతం కులాసా. అది ఉత్తుత్తి యుద్ధం" అని. ఆ సంతకం చూసి చెమటలు పట్టాయి.
పెదనాన్న
తా.క. చనిపోయిన రోజును సెలవు కింద రాస్తారా?

చిట్టికి,
నీ జవాబు వచ్చేదాకా ఆగలేకపోయాను. ఎలా సంబోధించాలో తెలియక వట్టి పేరే రాశాను.
మంగళవారం పొద్దున వరదకు మన ఊరి వంతెన కొట్టుకుపోయిందా, అప్పుడే బేకరీ ఆయన కూతురికి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రేమో అవతలి గట్టున. మధ్యాహ్నానికి అవతల లారీలు బారులు తీరాయి. ఎవరూ అరవలేదు, పరిగెత్తలేదు. ఇనుప ముక్కలు ఒకదానికొకటి తగులుకుంటూ నీళ్ల మీదుగా మా వైపు నడిచొచ్చాయి. ఒక్క బోల్టు మొరాయించలేదు. నలభై ఏళ్లుగా గడియారాల్లో చూస్తున్న పొందికను ఏరంత పెద్దదిగా చూశాను.
ఆత్రం కొద్దీ ముందుకు ఉరికాను. తల నుంచి కాళ్లదాకా బురదైన అధికారి ఒకరు చెయ్యెత్తి, "ఆగండి! ముందు అంబులెన్స్!" అన్నారు. ఠక్కున ఆగిపోయాను. బండి దాటాక ఆ మనిషి హెల్మెట్ తీసింది.
నువ్వు!
నూనె రాయిస్తానన్నావు గానీ, వందమంది నీ చేతి సైగ కోసం ఊపిరి బిగబట్టి చూస్తారని రాయలేదేమే? నవ్వి, "రండి పెదనాన్నా" అన్నావు. నేనూ నీ చేతి సైగ కోసమే చూస్తూ నిలబడ్డాను.
పెదనాన్న
తా.క. ఆసుపత్రికి చేరిన పావుగంటకే ఆడపిల్ల పుట్టింది. ఏం పేరు పెట్టాలో నీ ఆజ్ఞ కోసం బేకరీ ఆయన అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు.