కుర్చీ ముట్టుకోని పది రోజులు

నా పేరు దబ్బనం. వయసు డెబ్బై నాలుగు. గోనెసంచులు కుట్టే పెద్ద సూదిని దబ్బనం అంటారు. నన్నూ అలాగే పిలుస్తారు, ఎందుకో మీరే ఊహించుకోండి. ఇంట్లో ముగ్గురం: నేను, లిఫ్టులు బాగుచేసే నా కొడుకు, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే నా కోడలు. మూడో అంతస్తు. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే కోడలు రాస్తోంది, ల్యాబులో పాతబడిన రిజిస్టరు వెనక పేజీల్లో. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒట్టు వేయించుకున్నాను.

(వేశాను. – కోడలు)

ఇదీ నా వ్యాజ్యం. మా ఇంట్లో ఒక తెల్ల ప్లాస్టిక్ కుర్చీ ఉంది. వీపు ఆనించే చోట నిలువునా పగిలింది. దబ్బనం పొయ్యి మీద కాల్చి, పగులుకి అటూ ఇటూ బెజ్జాలు వేసి, నైలాను దారంతో తొమ్మిది కుట్లు వేశాను. కుర్చీ మళ్ళీ కుర్చీ అయింది. పై అంతస్తులో డ్రాయింగు మాస్టారని ఒక రిటైరైన మనిషి ఉన్నాడు. ఆయన ఆ పగులుని దగ్గరగా ఫోటో తీసి, ఇంటర్నెట్టులో 'వింతల అలమర' అనే పేజీకి పంపాడు. లోకంలో ఉన్న విడ్డూరపు వస్తువులన్నీ వెతికి పెట్టే పేజీ అది. నా కుర్చీ పెట్టారు. నలభై వేలమంది చూశారు. కింద ఏమని రాశారు? 'చేసినవారు తెలియదు.'

తెలియకపోవడమేమిటి! మాస్టారు వారానికి నాలుగుసార్లు మా ఇంట్లో టీ తాగుతాడు.

నిలదీస్తే, "పిన్నిగారూ, పేరు లేకపోతేనే కళకి ఒక అందం" అన్నాడు.

"అయితే నీ పింఛను కాగితం మీద కూడా పేరు కొట్టేయించుకో. ఇంకా అందంగా ఉంటుంది" అన్నాను.

కోడలు ఆ పేజీ వాళ్ళకి రాసింది. జవాబొచ్చింది. ఆ కుర్చీ తనదేనని ఇంకో పెద్దమనిషి కూడా రాశాడట. మాస్టారు మొదట 'తెలియదు' అన్నాడు గనుక ఇప్పుడు 'తెలుసు' అంటే చెల్లదట. కొత్త ఫోటోలు పంపొద్దట, ఫోటోలు ఎవరైనా మార్చగలరట. పన్నెండో తేదీన వీడియోలో కుర్చీనే చూసి, పాత ఫోటోతో పోల్చి, సరిపోతే పేరు వేస్తారట. అంతవరకు కుర్చీ ఉన్నది ఉన్నట్టు ఉండాలట.

పది రోజులు. అదెంత!

జూన్ 3, ఉదయం 6.00

పట్టుదల మొదలు. నియమాలు రాయి అమ్మాయ్. ఒకటి: కుర్చీ నేను ముట్టుకోను. రెండు: ఎవరినీ ముట్టుకోనివ్వను. మూడు: దబ్బనం బీరువా పైన పెట్టించాను, నాకు అందదు.

పది రోజులు కాదు, పది నెలలైనా ఉంటాను. నలభై ఏళ్ళు పరుపుల దుకాణంలో కూర్చుని కుట్టినదాన్ని. ఓపిక గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

7.40

కొడుకు బూట్లు వేసుకోవడానికి ఆ కుర్చీలో కూర్చోబోయాడు. చీపురు విసిరాను. తగల్లేదు. అయినా గుర్తుంటుంది.

సాయంత్రం 7.00

కుర్చీ క్షేమం! మొదటి రోజు గెలిచాను.

జూన్ 4, ఉదయం 9.15

కుర్చీ మీద దుమ్ము. తుడిచాను. తుడవడం ముట్టుకోవడం కాదు, ముట్టుకున్నది గుడ్డ.

(చేత్తో కూడా తడిమారు. నేను చూశాను. – కోడలు)

అది రాయమన్నానా?

జూన్ 5, సాయంత్రం 6.00

కుర్చీ ముట్టుకోకూడదు గాని చూడకూడదని ఎవరూ అనలేదు. కోడలు ఫోనులో ఆ పేజీ చూపించింది. నా కుర్చీ పక్కన ఇంకా ఏమేం పెట్టారో చెప్తాను. కిటికీ ఉన్న గొడుగు. ఐదు కాళ్ళ బల్ల, ఐదోది నేలకి అందదు. రోడ్డు మీద పడిపోయిన ఒంటి చేతితొడుగుల్ని పన్నెండేళ్ళుగా ఫోటోలు తీస్తున్న ఒక మగమనిషి. ఇల్లూ వాకిలీ లేవా నాయనా? గోడ దాకా ఎక్కి ఆగిపోయే మెట్లు. మా ఇంట్లో ఎవరైనా అలా కడితే తిట్లు తింటారు. అక్కడ కడితే కళ.

గొడుగు మాత్రం బాగుంది. కిటికీ అంచు మడత లోపలికి కుట్టారు. పని తెలిసినవాళ్ళే.

6.50

రెండు వేళ్ళతో ఫోనుని సాగదీస్తే బొమ్మ పెద్దదవుతుందట! కోడలు నేర్పింది. వస్తువులన్నీ సాగదీసి చూశాను. నా కుర్చీ రేపు చూస్తాను. కళ్ళు లాగుతున్నాయి.

జూన్ 6, ఉదయం 8.00

చూశాను. అయ్యో, అయ్యో, అయ్యో.

నాలుగో కుట్టు వంకర. కొద్దిగా కాదు. తాగినవాడు వీధి దాటినట్టు ఉంది. నలభై వేలమంది! అంతమంది సాగదీసి చూసి ఉంటారా?

11.30

మాస్టారు వచ్చాడు. ఫోను ముందు పెట్టి అడిగాను.

"ఆ నాలుగో కుట్టులోనే ఉంది పిన్నిగారూ జీవమంతా! అది కావాలని పెట్టిన వంకర. చూడండి, ఎంతమంది దాని గురించే రాశారో. ఒకావిడకి ఏడుపొచ్చిందట."

"రాదూ మరి? నాకూ వచ్చింది. కావాలని పెట్టడమేమిటయ్యా! ఆ రోజు కోడలు నా కళ్ళలో చుక్కలమందు వేసింది. పగులు రెండుగా కనబడింది. నేను రెండోదాన్ని కుట్టాను."

"ఆ మాట మాత్రం ఎవరితోనూ అనకండి" అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి.

దుకాణంలో ఇలాంటి కుట్టు పడితే పరుపు గడప దాటనిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు దీనికింద నా పేరు వేయమని నేనే అడుగుతున్నాను.

జూన్ 7, మధ్యాహ్నం 2.00

ఆలోచించాను. 'ఉన్నది ఉన్నట్టు' అంటే ఏమిటి? కుర్చీ ఉన్నట్టు. కుట్టు సంగతి వాళ్ళు అనలేదు. పైగా నాలుగో కుట్టు వదులైనట్టు ఉంది. రేపో మాపో తెగితే? పన్నెండో తేదీకి కుర్చీయే లేకపోతే? జాగ్రత్తపడడం తప్పా?

బీరువా ఎత్తు ఎంతో కొడుకుని అడిగాను. ఊరికే.

జూన్ 8, సాయంత్రం 6.30

కుర్చీ క్షేమం. దుప్పటి కప్పాను. ఎవరూ తీయొద్దు. ఇంకేమీ లేదు, రిజిస్టరు మూసెయ్.

(ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన వాసన ఎందుకు వస్తోంది? – కోడలు)

జూన్ 9, ఉదయం 7.00

నిన్న చెప్పింది సగమే. మిగతా సగం కోడలు దుప్పటి తీసి చూసింది.

నిన్న పదకొండింటికి స్టూలు ఎక్కి దబ్బనం దించాను. నాలుగో కుట్టు ఒక్కటే విప్పుదామనుకున్నాను. నైలాను దారం ఒకచోట విప్పితే అంతా కదులుతుంది, అది నా తప్పు కాదు. తొమ్మిదీ విప్పాను. పాత బెజ్జాలు అసహ్యంగా కనబడ్డాయి. ప్లాస్టిక్ ముక్క కరిగించి పూడ్చి, వేడి గరిటె వెనకవైపుతో నున్నగా అద్దాను. అద్దేటప్పుడు పగులు కూడా పూడిపోయింది. దాని మీద పదకొండు కుట్లు వేశాను. గీత గీసినట్టు వచ్చాయి. నా జన్మలో అంత మంచి పని చేయలేదు. వెతికినా పాత గుర్తు ఒక్కటి దొరకదు!

ఆ చివరి మాట గర్వంగానే అన్నాను. అప్పుడు కోడలి మొహం చూశాను.

"అత్తయ్యా, పాత గుర్తులే కదా వాళ్ళు చూసేది!"

దుప్పటి తీసి మళ్ళీ కుర్చీ మీద కప్పాను.

కొడుకు మొహం కడుక్కుంటూ లోపలినుంచి, "తాళంచెవి అరగదీసి మెరుగు పెట్టినట్టుంది" అన్నాడు. లిఫ్టులవాడికి కూడా తెలిసింది.

జూన్ 10, మధ్యాహ్నం 3.00

దారి దొరికింది! వంకరగా వేసింది నేనే కదా, మళ్ళీ నేనే వేస్తాను. పదకొండూ విప్పాను. తొమ్మిది వేస్తున్నాను.

4.10

నాలుగోది తిన్నగా పడింది. విప్పాను.

4.45

ఎడమచేత్తో వేశాను. తిన్నగా పడింది. ఈ చేతికేం పోయేకాలం!

6.15

కోడలిచేత కళ్ళలో చుక్కలు వేయించుకున్నాను. పగులు పూడ్చిన చోటు రెండుగా కనబడింది. ఇప్పుడు అసలుదేదో నాకు తెలుసు. తిన్నగా పడింది.

జూన్ 11, ఉదయం 10.00

మాస్టారు వచ్చి, తప్పు తనదేనన్నాడు. పెన్సిలుతో వంకర గీత గీసిస్తాను, దాని మీద కుట్టండి అన్నాడు. గీశాడు. కుట్టాను. ఇద్దరం దూరంగా నిలబడి చూశాం.

"ఎలా ఉంది?" అన్నాను.

"పక్కవాడిది చూసి రాసిన జవాబులా ఉంది" అన్నాడు.

తెల్లదారం అయిపోయింది. నీలందారం వాడాను. కుర్చీ జల్లెడయింది. కుట్లు లెక్కపెడితే పద్నాలుగు, మూడు రకాలు. ఇంక చేయిపెట్టను. ఈ పట్టుదలేదో నేను మొదటిరోజే... సర్లే. ఆ మాట కొట్టెయ్.

(కొట్టను. – కోడలు)

జూన్ 12, మధ్యాహ్నం 12.00

వీడియో అయింది. జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

అలమర పేజీ అమ్మాయి తెర మీదకి వచ్చింది. మర్యాద తెలిసిన పిల్ల. పాత ఫోటో ఒక పక్క పెట్టుకుని, "అమ్మా, ఇందులో తొమ్మిది కుట్లు. మీ కుర్చీకి పద్నాలుగున్నాయి. పగులు కూడా కనబడడం లేదు" అంది.

"బాగుచేశాను."

"ఆ ఇంకో ఆయన కుర్చీ నిన్న చూశామమ్మా. సరిగ్గా తొమ్మిది. నాలుగోది వంకర. కొలిచినట్టు ఉంది."

"కొలిచే వేసి ఉంటాడు! నీ ఫోటో ఎదురుగా పెట్టుకుని వేసి ఉంటాడు. అమ్మాయ్, నీ పాపిట వంకరగా ఉందని నలభై వేలమంది చెప్తే అలాగే ఉంచుకుంటావా, దువ్వుకుంటావా? వంకర అలాగే ఉంచుకున్నవాడు దొంగ. దువ్వుకున్నదాన్ని నేను."

ఆ పిల్ల నవ్వాపుకుంది. "నాకు అర్థమైందమ్మా. కాని మా నియమం ప్రకారం..."

నియమం సంగతి తర్వాత, ముందు నా మాట వినమన్నాను. నలభై ఏళ్ళు పరుపులు కుట్టాను. ప్రతి పరుపు మూలా ఒక చీటీ, దాని మీద షావుకారు పేరు. ఆ చీటీ కుట్టిందీ నేనే. ఆయన పేరు నా చేత్తో ఎన్ని వేలసార్లు కుట్టానో నాకే తెలియదు, చదవడం రాదు గనుక అది పేరని కూడా చాన్నాళ్ళు తెలియదు, పువ్వేమో అనుకున్నాను. ఇప్పుడు ఒక్క విరిగిన కుర్చీకి నా పేరు అడుగుతున్నాను. దానికి సరిపోలేదా నేను?

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

కోడలు లేచింది. ఫోను స్టాండు నుంచి లాక్కుని, "కుర్చీ పక్కన పెట్టండి మేడం, నాతో రండి" అని ఇల్లంతా తిప్పింది. "ఇది మా బకెట్టు. అడుగున ఏడు కుట్లు. ఇది మగ్గు, చెవి దగ్గర చూడండి. టీవీ రిమోటు, వీపున మూడు. కిటికీ జాలీ. మా ఆయన పనిముట్ల సంచి, అందులో సంచి ఎంతో కుట్టు ఎంతో తెలియదు. ఇవి నా చెప్పులు. ఈ చెప్పులతో ల్యాబుకి వెళ్ళడానికి నేను ఎంత సిగ్గుపడ్డానో నాకు తెలుసు. ఈ ఇంట్లో మా అత్తగారి కుట్టు పడని వస్తువు ఒక్కటి చూపించండి, మేము దొంగలమని రాసుకోండి."

పెళ్ళయి పద్నాలుగేళ్ళు. కోడలి నోట అంత పొడుగు మాట ఎప్పుడూ వినలేదు. చెప్పులకి సిగ్గుపడిందని కూడా ఇప్పుడే తెలిసింది. ఆ సంగతి వేరే మాట్లాడతాను.

తెర మీద అమ్మాయి చాలాసేపు చూసింది. "ఆ బకెట్టు ఇంకోసారి" అంది. తర్వాత చెప్పింది: "ఇరవై మూడున మళ్ళీ మాట్లాడదాం. మా కళ్ళముందు ఒక పగిలిన వస్తువు కుట్టి చూపించండమ్మా. ఆయన్ని కూడా కుట్టమంటాం. చేతులు చూస్తే తెలిసిపోతుంది. ఒక్కటే షరతు. అప్పటిదాకా ఆ పగిలినదాన్ని ముట్టుకోకూడదు."

"ముట్టుకుంటే ఒట్టు" అన్నాను.

సాయంత్రం 6.30

ఒక చిక్కు. ఇంట్లో పగిలిన వస్తువు లేదు. మూలమూలా వెతికాం. అన్నీ బాగుచేసే ఉన్నాయి.

చివరికి కోడలు ల్యాబునుంచి రక్తం సీసాలు పెట్టుకునే ప్లాస్టిక్ ట్రే తెచ్చింది. ఖాళీదే, కడిగిందే. మధ్యకి నిలువునా పగిలింది. బల్ల మీద పెట్టి, "ఇది ఇరవై మూడు దాకా ఇలాగే పగిలి ఉండాలి అత్తయ్యా" అంది.

"ఉంటుంది."

"బీరువా మీద పెట్టనా?"

"నా మీద నమ్మకం లేదా?"

కోడలు రాసుకుంటూ కూర్చుంది.

పట్టుదల మళ్ళీ మొదలు. నియమాలు అవే మూడు. పది రోజులు, రేపు ఉదయం ఆరింటినుంచి. ఈ సాయంత్రం లెక్కలోకి రాదు. పైన చెప్పిందంతా నేను చెప్పగా కోడలు రాసి చదివి వినిపించింది. విని ఒప్పుకుని వేలిముద్ర వేస్తున్నాను.

సాక్షులు:
1. కోడలు
2. పై అంతస్తు డ్రాయింగు మాస్టారు

నిశాని: దబ్బనం, ఎడమచేతి బొటనవేలు.
(కుడిచేతిది వేయమన్నాను. ఆ చెయ్యి ఖాళీ లేదు. – కోడలు)