అరచేతిలో పెట్రోలు

నందికొండ,
12 ఆగస్టు 2023

బిడ్డా కరుణా,

మీ లియాఖత్ చాచా దువాలు. మొన్న నల్గొండ బస్టాండులో నువ్వు "చాచా, మంచిగున్నరా?" అని పిలిస్తే, వినబడనట్టు ఎదురుగా ఉన్న బస్సెక్కాను. అది దేవరకొండ బస్సు. అక్కడ నాకు ఏ పనీ లేదు. పోయి, చాయ్ తాగి, తిరిగి వచ్చాను. సిగ్గు మనిషిని ఎంతదూరమైనా తిప్పుతుంది, టికెట్టు మాత్రం మనమే కొనుక్కోవాలి.

అసలు సంగతికి ముందు అరచేయి సంగతి చెప్పాలి. నేను మూడో తరగతి దాకే చదివాను. మిగతాదంతా స్కూటర్లు, పొలాల పంపు ఇంజన్లు నేర్పినవే. పెట్రోలులో కిరోసిన్ కలిసిందా అని చూడాలంటే అరచేతిలో రెండు చుక్కలేసి ఊదుతాం. మరక లేకుండా ఆరితే అసలు సరుకు. నలభై ఏళ్ళు ఈ చెయ్యి అబద్ధం చెప్పలేదు.

మన ఫ్లయింగ్ క్లబ్బులో నువ్వు నడిపిన రెండు సీట్ల విమానం కార్ల పెట్రోలుతోనే ఎగురుతుంది గానీ, దాంట్లో రబ్బరును ఉబ్బించే స్పిరిటు, అదే ఇథనాల్, ఉండకూడదని నువ్వే నాకు నేర్పావు. సీసాలో గీత దాకా నీళ్ళు పోసి, పైన పెట్రోలు పోసి, ఊపి పెట్టాలి. నీళ్ళు గీత దాటి పెరిగితే స్పిరిటు ఉన్నట్టు. ప్రమాదం జరిగిన ఆ నెల మనం పెట్రోలు తెచ్చే బంకు మారింది. క్యాన్లు వచ్చిన ప్రతిసారీ నేను సీసా తీయలేదు బిడ్డా, అరచేతిలో ఊదాను. చిటికెలో ఆరింది. "గింత మంచి పెట్రోలు ఎన్నడు చూడలె" అని మురిసిపోయాను. స్పిరిటు ఆరితే మరక మిగలదు కదా. జిందగీలో సారా ముట్టనివాణ్ణి, వాసన పట్టడం కూడా రాలేదు.

సాగర్ మీద ఇంజను ఆగింది. నువ్వు పత్తిచేనులో దించి చెయ్యి విరగ్గొట్టుకున్నావు. మేనేజరు దివాకర్ సారు నన్ను ఒక్కటే అడిగారు.

"పెట్రోలు చూసినవా?"

"చూసిన."

ఆ ఒక్క మాటతో పైలట్ పొరపాటని కాగితం తయారైంది. విచారణవాళ్ళు రాకముందే నేను ఇంజనుకు పెట్రోలు పోయే రబ్బరు పైపు విప్పాను. లోపల నానిన అటుకుల్లా ఉబ్బి ఉంది. కొత్తది బిగించి, పాతది దాచాను. నా రొట్టె పోతుందని భయపడ్డాను, నీ రెక్కలు పోయాయి. రెండేళ్ళయింది. పైపు ఈ కవరులోనే పెడుతున్నాను. ఎవరికి చూపిస్తావో చూపించు.

నీ ముందు తలెత్తలేని
లియాఖత్ అలీ

నల్గొండ,
20 ఆగస్టు 2023

లియాఖత్ చాచాకు,

పెట్రోలు సంగతిలో నాకు కోపం లేదు. పైపు దాచినందుకు ఉంది. ఇంకా పోలేదు, పోతుందో లేదో తెలియదు.

కానీ మీకు తెలియనిది ఒకటుంది. ఎగిరే ముందు సీసా పరీక్ష చేయాల్సింది నేను. మీరు చెయ్యి తుడుచుకుని తల ఊపగానే, "పరీక్షించాను" అని రోజూ పుస్తకంలో సంతకం చేశాను. నెల రోజుల్లో ఒక్కసారి కూడా సీసా ముట్టలేదు. అందుకే పైలట్ పొరపాటు అన్నప్పుడు ఎదురు మాట్లాడలేదు. మిమ్మల్ని కూడా లాగడం ఎందుకని ఊరుకున్నాననుకున్నాను. నిజానికి ఆ సంతకాల గురించి ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డాను.

వచ్చే సోమవారం, 28న, పైపు తీసుకుని హైదరాబాదులో విచారణవాళ్ళ ఆఫీసుకు పోతున్నాను. సంతకాల సంగతి కూడా చెబుతాను. లైసెన్సు తిరిగి రావచ్చు, మొత్తానికే పోవచ్చు. మీరన్న "చూసిన" మాట మాత్రం మీరే వచ్చి వెనక్కి తీసుకోవాలి. మీ బదులు నేను చెప్పను చాచా.

ఆ రోజు పొద్దున ఏడింటికి నల్గొండ బస్టాండులో ఉంటాను. ఏడుంబావు దాకా చూస్తాను.

కరుణ