కొట్టేసిన మూడు

ఫిబ్రవరి 9
వదినకు లెక్కలు మొదలుపెట్టాను. పదేళ్లుగా ల్యాబ్‌లో సీసాలు కడుగుతోంది. ఈ పరీక్ష పాసైతే టెక్నీషియన్, లేకపోతే మళ్లీ సీసాలే. గురువుగారూ అంటూ అన్నయ్య నన్ను ఆటపట్టిస్తున్నాడు. వదిన మాత్రం ఎప్పటిలాగే, ఒసేయ్, మెల్లగా చెప్పవే అంటోంది.

ఫిబ్రవరి 21
ఈరోజు డొమైన్, అంటే xకి ఏయే విలువలు ఇవ్వొచ్చో. xకి ఏ విలువ ఇస్తే డినామినేటర్ సున్నా అవుతుందో అది పనికిరాదు. అంతే. పైన x – 3, కింద (x – 3)(x + 2). ముందు క్యాన్సిల్ చేసెయ్, మిగిలినదాంట్లో చూడు అన్నాను. కింద x + 2 మిగిలింది. –2 ఒక్కటే పనికిరాదని తేల్చాను. మరి ఆ మూడు ఎటుపోయిందే అని అడిగింది వదిన. కొట్టేశాక ఇంక దాని గొడవెందుకు, నీకన్నీ అనుమానాలే అని కసిరాను.

మార్చి 6, ఉదయం 7:10
పరీక్ష ఈరోజే. ఊరికే పుస్తకం తిరగేస్తుంటే కనబడింది. కొట్టెయ్యకముందే చూడాలి. మూడు వేస్తే అసలు లెక్కలో కింద సున్నా వస్తుంది. ఆ తర్వాత ఎంత కొట్టేసినా మూడు పనికిరాదు. వదిన అడిగింది సరిగ్గా అదే.

వదిన గుమ్మంలో చెప్పులు వేసుకుంటోంది. అన్నయ్య పక్కనే ఉన్నాడు. ఒక్క మాట చాలు. ఆల్ ది బెస్ట్ అన్నాను. సిగ్గులేనిదాన్ని.

మార్చి 7
ఆ లెక్కే వచ్చిందట. నువ్వు చెప్పినట్టే రాశానే అని సంబరపడింది.

ఏప్రిల్ 2
వదినకు పరీక్ష పోయింది. ఆ ఒక్క లెక్క తేడాలో. ఈ వయసులో నీకు చదువెందుకు, పుస్తకాలు కట్టిపెట్టు అన్నాడు అన్నయ్య. వదిన గిన్నెలు తోముతూ, ఇటు తిరగకుండానే అంది:

"నాది మట్టిబుర్ర లేవే. పాపం, నువ్వెంత చెప్పావో."

నా పరువు కోసం ఆవిడ బతుకు ముంచాను.

ఏప్రిల్ 3
చెప్పేశాను, అన్నయ్య ఎదుటే. పరీక్ష రోజు పొద్దున్నే తెలుసని కూడా చెప్పాను. వదిన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పాత నోట్సు తీసి, కొట్టేసిన బ్రాకెట్ పక్కన x ≠ 3 అని రాసుకుంది. సప్లిమెంటరీకి ఫీజు కట్టమని అన్నయ్యతో చెప్పి పడుకుంది.

మే 11
రోజూ కూర్చుంటున్నాం. ఏ లెక్క ఇచ్చినా ముందు కింద సున్నా ఎప్పుడొస్తుందో చూసి పక్కన రాసేస్తోంది. ఆ తర్వాతే కొట్టేస్తోంది. నన్నేమీ అడగడం లేదు.

జూన్ 18
వదిన పాసైంది. స్వీటు ముందు నాకే తెచ్చింది.

"తీసుకోండి" అంది.