నీ చేతికి ఏ దోషమూ లేదు

శ్రీరాంపూర్,
ఆదివారం

చిరంజీవి నా బిడ్డ నవీనకు అవ్వ దీవెనలు.

మేమందరం బాగున్నాం. మీ బాపు గనిలో ఫస్ట్ షిఫ్టుకు పోతున్నాడు. బాపమ్మ మోకాళ్ల నొప్పులు కొంచెం నయం, నోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఫోన్లో చెబుదామంటే ఆమె పక్కనే కూర్చుంటుంది. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. నీ మీద కాదు. హాస్టల్లో నువ్వు పెట్టిన టమాట ఆకులు ముడుచుకున్నాయని, "నా చేతిలనే ఏమన్న దోషమున్నదా అవ్వా?" అని అడిగావు. ఇక మొక్కలే ముట్టనని రాశావు. ముట్టకపోవడమేంటి? మొక్కను కదిపి చూడు, ఆకు అడుగు నుంచి సన్నటి తెల్లదోమ లేస్తుంది. రోగాన్ని మోసేది అదే. ముడుచుకున్న మొక్క ఇక కోలుకోదు, పీకి కాల్చేయి. మిగిలినవాటికి వేపనూనె నీళ్లు కొట్టు.

ఇక మన చిక్కుడు సంగతి. నువ్వు ముట్టులో ఉండి కాయలు తెంపావని, అందుకే తీగ మాడిందని బాపమ్మ వాడకట్టంతా చెప్పింది. నువ్వు ఏడ్చుకుంటూ బస్సెక్కావు. మర్నాడే నేను పందిరి కిందకు పోయి కొసలు విప్పి చూశాను. నల్లగా పేనుబంక, పట్టుకుంటే జిగురు, గుంజల మీద చీమల బారు. ఆ జిగురు కోసం చీమలే పురుగుకు కాపలా కాస్తాయి. పాడైన కొసలు తుంచేశాను. పైపుతో ఆకుల అడుగున కడిగాను. కుంకుడు రసంలో వేపనూనె గిలక్కొట్టి సాయంత్రాలు చల్లాను. మీ బాపు తెచ్చిన గ్రీజు గుంజలకు పూస్తే చీమలు ఎక్కలేకపోయాయి. ఇప్పుడు పందిరి నిండా కాతే.

"సూసినవా, పిల్ల లేకపోయేసరికి తీగ తేరుకున్నది" అంది బాపమ్మ.

ఆ మాటకు నా ఒళ్లు మండింది. అప్పుడు ఎవరికీ చెప్పని సంగతి నీకు చెబుతున్నాను. ఆ తీగను కడిగి మందు చల్లినప్పుడు నాకూ ముట్టే. మన ముట్టు తీరేదాకా పురుగు ఆగదు కదా. మొన్న మళ్లీ ముట్టయినప్పుడు కావాలనే కాయలు తెంపి, వండి వడ్డించాను. బాపమ్మ కూర అడిగి మరీ వేయించుకుంది. అప్పుడు చెప్పాను.

"అత్తమ్మా, గీ కాయలు నేను ముట్టులుండే తెంపిన. తీగను బతికించింది గూడ గట్లనే."

"తిన్నంక చెప్తవా!" అని పళ్లెం నెట్టింది. "ఇంట్ల ఏమన్న అయితే?"

"అయితే నన్ను అనుండ్రి. నా బిడ్డను ఇంకోసారి అంటే మాత్రం ఊకోను."

మీ బాపు మాత్రం తినడం ఆపలేదు. బాపమ్మ నాతో మాటలు మానేసింది. మానేస్తే మానేయనీ.

సెలవులకు రోజులు లెక్కేసుకుని రాకు. ముట్టులో ఉన్నా సరే, ముందు దర్వాజ నుంచే రా. అక్కడ నేను నిలబడి ఉంటాను. నిన్ను ఎవరు ఆపుతారో చూస్తాను.

ఇట్లు,
నీ అవ్వ,
సక్కుబాయి