పెడల్ కింద కొబ్బరికాయ

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు చూడాలనుకున్న నేపాల్‌కు అమ్మా నేనూ మన కారులోనే వచ్చాం. కాళ్లు కదలని నా కోసం చిట్యాల మెకానిక్ షెడ్డులో బ్రేకు పెడల్‌కు నువ్వు బిగించిన చేతి లివరుతోనే ఇంత దూరం నడిపాను.

నిన్న ఘాట్‌రోడ్డు దిగుతూ లివరు నొక్కితే సగంలోనే ఆగిపోయింది. మళ్లీ నొక్కాను. కదల్లేదు. ఎదురుగా మలుపు, దాని అవతల లోయ. పెడల్ కింద ఏదో అడ్డం పడిందని తెలుస్తూనే ఉంది. అందరిలా కాలితో తన్నేయలేను కదా! హ్యాండ్‌బ్రేకు గుంజి, స్టీరింగు కొండవైపు తిప్పేశాను. కారు కొండను గీసుకుంటూ పోయి ఆగింది.

అమ్మ వంగి, పెడల్ కింద నుంచి కొబ్బరికాయ తీసింది. బయల్దేరేటప్పుడు యాదగిరిగుట్టలో బండిపూజ చేసి, పూజారి కొట్టకుండా ఇచ్చిన కాయ.

"దేవుని కాయ, బండ్లనే ఉండాలెనని నీ సీటు కింద పెట్టిన బిడ్డా," అంది.

"తెలివున్నదా అమ్మా నీకు? ఇద్దరం సస్తుంటిమి!" అని అరిచాను.

ఈ ఉదయం బయల్దేరే ముందు అమ్మ నా వైపు తలుపు తీసింది. రోజూ నువ్వు చేసినట్టే మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి వంచి, పెడళ్ల కింద చేత్తో తడిమింది. చాలాసేపు లేవలేదు.

"ఇన్నేండ్లు వాకిట్ల నుంచి చూసి, మీ బాపు బండికి మొక్కుతున్నడనుకున్న," అంది.